ఒక్కసారే కనబడుతుంది

గిట్‌హబ్‌లో కొత్త టోకెన్ తయారు చేసుకోగానే వచ్చే పేజీలో ఒక మాట ఉంటుంది: ఇప్పుడే కాపీ చేసుకోండి, మళ్ళీ ఇది మీకు కనబడదు అని. అమీర్‌పేటలో ఒక మూడో అంతస్తు గదిలో శని, ఆదివారాలు నేను గిట్ నేర్పుతాను. ఏ బ్యాచ్ అయినా సరిగ్గా ఈ మాట దగ్గరే మేలుకుంటుంది. అప్పటిదాకా బల్ల కింద ఫోన్ చూసుకుంటున్నవాళ్ళు కూడా తలెత్తి, "అంటే మళ్ళీ చూసుకోలేమా అక్కా?" అంటారు. చూసుకోలేం. "మరి పోతే?" పోతే ఆ టోకెన్ తీసేసి కొత్తది చేసుకోవడమే. "వాళ్ళ దగ్గర ఉంటుంది కదా, అడిగితే ఇవ్వరా?"

ఈ మూడో ప్రశ్న నాకు ఇష్టం. ఏ ఆఫీసులో ఏ కాగితం పోయినా, లోపల ఎవరో ఒకరి బీరువాలో ఇంకో కాపీ ఉంటుందనీ, తెలిసినవాళ్ళతో చెప్పిస్తే తీసిస్తారనీ మనకి గట్టి నమ్మకం. ఇక్కడ ఆ బీరువా లేదు. సర్వర్ టోకెన్‌ని ఉన్నదున్నట్టు దాచుకోదు, దాని హాష్‌ని దాచుకుంటుంది. నేను పిండిమర ఉదాహరణ చెప్తాను. అవే గింజలు మళ్ళీ పోస్తే అదే పిండి వస్తుంది కాబట్టి, రెండు పిండ్లూ పక్కపక్కన పెట్టి ఇవి ఆ గింజలేనని తేల్చొచ్చు. పిండిని మాత్రం తిరిగి గింజలు చెయ్యలేం. "అంటే వాళ్ళకీ తెలీదా!" అని నిరుడు ఒకమ్మాయి ఎంత సంతోషంగా అందంటే, క్లాసంతా ఆమె వైపు తిరిగింది. ఈ వ్యాసం ఎక్కువగా ఆ అమ్మాయి గురించే. అడిగే రాస్తున్నాను, పేరూ ఊరూ చెప్పనని మాటిచ్చి.

టోకెన్ అనే మాట మనకి కంప్యూటర్లతో రాలేదు. పిల్లల డాక్టర్ దగ్గర పొద్దున్నే వెళ్ళి రాయించుకునేది టోకెన్. తిరుపతిలో సర్వదర్శనానికి ఇచ్చేది టోకెన్. నేను క్లాసులో వాడేది మాత్రం గుడి బయట చెప్పుల స్టాండులో ఇచ్చే బిళ్ళ. అది చూపిస్తే చెప్పులిస్తారు. మన మొహం చూడరు, పేరడగరు. బిళ్ళ కింద పడిపోయి ఎవరికో దొరికితే చెప్పులు వాళ్ళవే. అలాగే ఆ బిళ్ళ పట్టుకుని దర్శనం క్యూలోకి వెళ్తే ఎవరూ రానివ్వరు, లడ్డూ కౌంటర్లో నవ్వుతారు. గిట్‌హబ్ టోకెన్‌కీ ఈ రెండు లక్షణాలే. ఎవరి చేతిలో ఉంటే వాళ్ళకే పనిచేస్తుంది. దేనికి పనికొస్తుందో మాత్రం ముందే రాసిపెట్టి ఉంటుంది. పాస్‌వర్డ్‌కి ఈ రెండోది లేదు. పాస్‌వర్డ్ తెలిసినవాడు మన ఖాతాలో మనమే అయిపోతాడు. కోడ్ మార్చగలడు, రిపాజిటరీ చెరిపేయగలడు, మనల్నే బయటికి నెట్టగలడు.

కంప్యూటర్లో పాస్‌వర్డ్ వాడకం 1960ల మొదట్లో అమెరికాలోని ఎంఐటీలో మొదలైందని సాధారణంగా చెప్తారు. ఒకే పెద్ద యంత్రాన్ని చాలామంది పంచుకునే సీటీఎస్ఎస్ అనే వ్యవస్థ అది, దాని వెనకున్న మనిషి ఫెర్నాండో కార్బతో. ఎవరి ఫైళ్ళు వాళ్ళకి విడిగా ఉండాలంటే మనిషికో రహస్యపు మాట కావాలనిపించింది. 1962లోనే అలన్ షేర్ అనే పరిశోధక విద్యార్థి, తనకిచ్చిన మెషీన్ టైము చాలక, పాస్‌వర్డ్‌ల ఫైలు మొత్తం ప్రింటు తీయించుకున్నాడు. ఈ సంగతి చాలా ఏళ్ళ తర్వాత ఆయనే బయటపెట్టాడు. పాస్‌వర్డు, దాని దొంగతనం దాదాపు కవల పిల్లలన్నమాట. పెద్ద వయసులో కార్బతో కూడా ఇదొక పీడకలలా తయారైందనే అన్నాడు.

గిట్‌హబ్ 2020 డిసెంబరులో ముందే చెప్పి, 2021 ఆగస్టు 13 నుంచి గిట్ పనులకి పాస్‌వర్డ్ తీసుకోవడం మానేసింది. బ్రౌజర్లో లాగిన్ కావడానికి ఇప్పటికీ పనిచేస్తుంది. టెర్మినల్ నుంచి కోడ్ పంపబోతే మాత్రం, పాస్‌వర్డ్ పద్ధతి ఫలానా తేదీన తీసేశామని ఆ తేదీతో సహా జవాబొచ్చేది. తేదీ వేసి మరీ చెప్పే ఎర్రర్ మెసేజీలు చాలా తక్కువ. నాకది శాసనంలా అనిపిస్తుంది, రాజు పేరొక్కటే లోటు. ఎస్ఎస్‌హెచ్ తాళాలు వాడేవాళ్ళకి ఆ రోజు ఏమీ తెలీలేదు. మిగతావాళ్ళకి, అంటే మాలాంటి సగటు మనుషులకి, పని ఆగింది. ఆ వారం ఫ్రెండ్స్ నుంచి వచ్చిన ఫోన్లన్నీ ఒకటే: "పాస్‌వర్డ్ కరెక్టే కొడుతున్నానే, తీసుకోవట్లేదేంటి?"

ఆ మాటే మూడేళ్ళ తర్వాత ఇంకో మనిషి నోట, ఇంకో అర్థంతో విన్నాను. దానికి వస్తాను. ముందు టోకెన్ రూపం గురించి కాస్త చెప్పుకోనివ్వండి, నాకు ముచ్చట.

2021 ఏప్రిల్ దాకా గిట్‌హబ్ టోకెన్ అంటే నలభై అక్షరాల దండ, సున్నా నుంచి తొమ్మిది, ఏ నుంచి ఎఫ్. గిట్‌లో ప్రతి కమిట్‌కీ ఉండే నంబరు కూడా అచ్చం అలాగే నలభై అక్షరాలు. ఏది రహస్యమో ఏది మామూలు నంబరో చూసి చెప్పే దారి లేదు. అప్పుడు టోకెన్లకి ఇంటిపేరు పెట్టారు. మనిషి సొంతంగా చేసుకున్న టోకెన్ జీహెచ్‌పీ అని మొదలై, ఒక అండర్‌స్కోర్ తర్వాత అసలు అక్షరాలు వస్తాయి. వేరే అప్లికేషన్ల ద్వారా పుట్టినవాటికి వేరే ఇంటిపేర్లు. మన దగ్గర ఇంటిపేరు వినగానే ఏ ఊరు, ఎవరి తాలూకు అని లెక్కలు మొదలైనట్టే, ఇక్కడ కూడా ఎక్కడైనా పొరపాటున బయటపడ్డ టోకెన్‌ని యంత్రం దూరం నుంచే గుర్తుపడుతుంది. చివరి ఆరు అక్షరాలు మిగతా అక్షరాలకి లెక్క సరిచూసే చెక్‌సమ్. సర్వర్‌ని అడక్కుండానే ఇది టోకెన్ ఆకారంలో ఉన్న చెత్తా, అసలుదా అని తేలిపోతుంది. అండర్‌స్కోరే ఎందుకంటే, మధ్యలో అడ్డగీత ఉంటే మౌస్‌తో రెండుసార్లు నొక్కినప్పుడు సగమే ఎంపికవుతుంది, అండర్‌స్కోర్ ఉంటే మొత్తం వస్తుంది. ఒక్కసారే కనబడే దాన్ని సగం కాపీ చేసుకుని పేజీ మూసేసే వాళ్ళ గురించి ఎవరో కూర్చుని ఆలోచించారు. ఇలాంటివి చూసినప్పుడు ఈ వృత్తి మీద మళ్ళీ గౌరవం కలుగుతుంది.

ఆ అమ్మాయికి అప్పుడు ఇరవై రెండేళ్ళు. డిగ్రీ అయ్యాక హైదరాబాదొచ్చి ఎస్ఆర్ నగర్లో హాస్టల్లో ఉంటూ కోర్సులు చేస్తోంది. ఫీజు కట్టేది అన్నయ్య. ఊళ్ళో మోటార్లు, పీవీసీ పైపులు, డ్రిప్ సామాను అమ్మే షాపు ఆయనది. ఇంటర్లో ఉన్నప్పుడు ఆమెకి జీమెయిల్ తెరిచింది ఆయనే, తన ఫోన్లో, తన నంబరుతో. పాస్‌వర్డ్ కూడా ఆయన పెట్టిందే, షాపు పేరు, పక్కన ఏదో సంవత్సరం. ఆరేళ్ళయినా అదే మెయిలు, అదే పాస్‌వర్డు, ఇద్దరి ఫోన్లలోనూ లాగిన్. ఆమెకి ఉద్యోగాల మెయిళ్ళు ఆమెకంటే ముందు ఆయన చదువుతాడు. "అన్నయ్య మంచోడే అక్కా" అని చెప్పేది. తర్వాత "కానీ" అని ఎప్పుడూ అనలేదు. నిజానికి మంచోడే. ఆ తర్వాత నేను మాట్లాడాను కదా, చెల్లెలి గురించి చెప్తుంటే గొంతు మారిపోతుంది.

క్లాసులో అందరం మొదటి టోకెన్ చేసిన రోజు, ఇంకా పది నిమిషాలు కాలేదు, ఆమె ఫోన్ మోగింది. కొత్త టోకెన్ చేస్తే గిట్‌హబ్ ఖాతాదారుకి ఒక మెయిల్ పంపిస్తుంది, మీ ఖాతాలో ఫలానాది చేరింది, మీరు చెయ్యకపోతే వెంటనే చూసుకోండి అని. ఆ మెయిల్ ఊళ్ళో షాపు కౌంటర్ మీదున్న ఫోన్లో మోగింది. "ఏందమ్మా, నీ అకౌంట్లో ఎవరో ఏదో టోకెన్ పెట్టారంట? ఎవరికన్నా ఓటీపీ చెప్పావా?" స్పీకర్ లేకపోయినా పక్క కుర్చీ దాకా వినబడింది. క్లాసంతా నవ్వింది. ఆమె కూడా నవ్వింది. తిరిగి కూర్చున్నాక మాత్రం ఆ టోకెన్ పేజీ వైపు చాలాసేపు చూస్తూ ఉండిపోయింది.

ఆయన భయంలో తప్పేం లేదు. ఓటీపీ చెప్పి డబ్బు పోగొట్టుకున్నవాళ్ళు ఇప్పుడు ఏ వీధిలోనైనా ఉన్నారు. మన ఇళ్ళల్లో పాస్‌వర్డ్ పంచుకోవడం ప్రేమకి కొలత కూడా. పెళ్ళయిన కొత్తలో మొగుడూ పెళ్ళాం ఫోన్ల లాక్ చెప్పుకుంటే అదొక ముచ్చట, చెప్పకపోతే అదొక పంచాయితీ. నాన్నల బ్యాంకు పిన్ను అమ్మలకి తెలియకపోయినా, అమ్మల పోపుల డబ్బాలో ఎంతుందో నాన్నలకి తెలుసు. ఇందులో "నీకు ఇంతవరకు చెప్తాను, ఇంతకంటే చెప్పను" అనే మాటకి చోటు లేదు. అయితే అన్నీ ఇచ్చెయ్యాలి, లేకపోతే ఏదో దాస్తున్నట్టు.

నాకు ఈ విషయం ఇంత పట్టడానికి వేరే కారణం ఉంది. 2011లో నేను ఎంసెట్ రాశాను. కౌన్సెలింగ్ అప్పటికే ఆన్‌లైన్ అయింది, సర్టిఫికెట్లు చూపించాక మన పాస్‌వర్డ్‌తో కాలేజీల ఆప్షన్లు మనమే పెట్టుకోవాలి. మా ఇంట్లో కంప్యూటర్ లేదు. ఒక ప్రైవేటు కాలేజీ పీఆర్వో మా ఇంటికొచ్చి, మంచినీళ్ళు తాగి, "మీకెందుకు సార్ శ్రమ, ఆ కాగితం ఇవ్వండి, మేం చూసుకుంటాం" అన్నాడు. నాన్న ఇచ్చేశారు. ఆయన దృష్టిలో అది బస్సు టికెట్ కొని పెట్టమని డబ్బులివ్వడం లాంటిది. లోపల నేను అప్పటికే పుస్తకం వెనక పేజీలో రాసుకున్న జాబితా ఉంది, అందులో మొదటి పేరు ఒక ప్రభుత్వ యూనివర్సిటీ కాలేజీ. అలాట్‌మెంట్ వచ్చిన రోజు ప్రింటు తీయించుకుని చూస్తే, ఆప్షన్లన్నీ వాళ్ళ కాలేజీవే, బ్రాంచీలు మార్చి మార్చి. నా ర్యాంకుకి ఆ యూనివర్సిటీలో సీటు వచ్చేదో లేదో ఇప్పటికీ తెలీదు. అక్కడ అడగనే లేదు కదా. అడిగింది నా పేరుతో ఇంకొకరు.

ఆ కాగితం కథ క్లాసులో చెప్పను. ఆ అమ్మాయికి చెప్పాను.

కోర్సు చివర ప్రాజెక్టు కింద ఆమె అన్నయ్య షాపుకి వెబ్‌సైట్ చేసింది. గిట్‌హబ్ పేజెస్‌లో పెడితే ఖర్చు లేదు. పైపుల రేట్లు తరచూ మారతాయి, రైతులు ఊరి నుంచి బయల్దేరే ముందే రేటు చూసుకోవాలి, అదీ ఆలోచన. షాపు కంప్యూటర్లో ఎక్సెల్ షీటులో కుర్రాడు రేట్లు మారిస్తే, సాయంత్రం ఒక చిన్న స్క్రిప్టు దాన్ని పేజీగా మార్చి గిట్‌హబ్‌కి పంపాలి. అన్నయ్య చాలా సంబరపడ్డాడు. సంబరపడి, "ఆ పాస్‌వర్డేదో నాకు తెలుసులే, నేనే పెట్టేస్తా" అన్నాడు. నిజమే, తెలుసు. గిట్‌హబ్‌కి కూడా ఆమె ఆ పాతదే పెట్టింది.

మర్నాడు వాట్సాప్‌లో నల్లటి తెర ఫోటో ఒకటి వచ్చింది. షాపులో ఉన్నది చాలా పాత గిట్, యూజర్ నేమూ పాస్‌వర్డూ టైపు చెయ్యమని అడుగుతుంది. రెండూ కొట్టాడు. సర్వర్ తేదీ వేసి మరీ కుదరదంది. ఫోటో కింద ఆయన ప్రశ్న: "పాస్‌వర్డ్ కరెక్టే కదా, తీసుకోవట్లేదు. మార్చావా?"

ఆమె ఆ ఫోటో నాకు చూపించింది. ఏం జవాబివ్వాలో తెలీక కాదు. ఆరేళ్ళలో మొదటిసారి ఆయనకి ఒక తలుపు తెరుచుకోలేదు, ఆ తలుపు వేసింది తను కాదు. "నేను మార్చలేదన్నయ్యా, ఎవరి పాస్‌వర్డూ పనిచెయ్యదు. కంపెనీ వాళ్ళే 2021లో తీసేశారు, అక్కడే రాసుంది చూడు" అని ఆమె రాసింది. అక్షరం అబద్ధం లేదు. తను సొంతంగా ఎన్నేళ్ళయినా అనలేని "కుదరదు"ని ఎక్కడో ఉన్న సర్వర్ అనేసింది, అందరితో అన్నట్టే ఆయనతోనూ, మొహమాటం లేకుండా. ఆ గీత గీసినవాళ్ళు ఆమె గురించి ఆలోచించి ఉండరు. వాళ్ళ లెక్కలు వేరు, ఒకే పాస్‌వర్డ్‌ని పది చోట్ల వాడేవాళ్ళూ, అవి లీకైతే దోచుకునేవాళ్ళూ. అయినా గీత ఇక్కడిదాకా వచ్చింది.

"మరి ఏం పెట్టాలి?" అన్నాడాయన. "షాపుకని వేరే టోకెన్ చేసిస్తా" అంది.

ఇప్పుడు రెండు రకాల టోకెన్లున్నాయి. పాత పద్ధతిది క్లాసిక్. అందులో రెపో అనే ఒక్క గడి టిక్కు పెడితే చాలు, మనకి అందుబాటులో ఉన్న రిపాజిటరీలన్నిటి మీదా, ప్రైవేటువాటితో సహా, అధికారం వెళ్ళిపోతుంది. మా స్టూడెంట్లు ఇంకో అడుగు ముందుకేసి ఉన్న గడులన్నీ టిక్కు పెడతారు, ఎందుకైనా మంచిదని. ఈ "ఎందుకైనా మంచిది" అనే మాటని నేను బోర్డు మీద రాసి కొట్టేస్తాను. 2022 అక్టోబరులో వచ్చిన రెండో రకంలో లెక్క తిరగబడింది. ఏ రిపాజిటరీకో విడిగా ఎంచాలి, అందులో ఏమేం చెయ్యొచ్చో ఒక్కొక్కటే ఇవ్వాలి, మనం ఇవ్వనిది ఏదీ వెళ్ళదు. ఆమె షాపు వెబ్‌సైట్ రిపాజిటరీ ఒక్కటే ఎంచింది. ఫైళ్ళు చదవడం, రాయడం, అంతవరకే ఇచ్చింది. గడువు ముప్పై రోజులు. టోకెన్‌కి ఒక పేరు పెట్టమంటే "షాపు సిస్టమ్" అని పెట్టింది.

మా నాయనమ్మ బొడ్లో తాళంచెవుల గుత్తి ఉండేది. కోడళ్ళకి గుత్తి ఎప్పుడూ ఇవ్వలేదు, కావలసిన తాళంచెవి విడదీసి ఇచ్చేది, పనవ్వగానే చెయ్యి చాపేది. అందుకని ఇంట్లో ఆవిడంటే అందరికీ కోపం. నాకూ ఉండేది. ఇప్పుడు ఆ పద్ధతే నెలకి ఇంతని ఫీజు తీసుకుని నేర్పుతున్నాను.

టోకెన్ చెయ్యడం పది నిమిషాల పని. ఎక్కడ పెట్టుకోవాలన్నదే అసలు తంటా. ఎక్కడ దాచుకున్నారని క్లాసులో అడిగితే వచ్చే జవాబులు: వాట్సాప్‌లో తనకి తనే పంపుకున్న మెసేజీ, డెస్క్‌టాప్ మీద "ఇంపార్టెంట్" అనే నోట్‌ప్యాడ్ ఫైలు, గ్యాలరీలో స్క్రీన్‌షాట్. ఒకబ్బాయి నోటు పుస్తకంలో చేత్తో రాసుకున్నాడు, పెద్ద ఓ అక్షరమో సున్నానో తెలీక రెండు గంటలు కొట్టుకున్నాడు. నవ్వుతాం గానీ, వీటన్నిటికంటే చేత్తో రాసిన కాగితమే నయం. దాన్ని ఇంటర్నెట్ మీద ఎవరూ వెతకలేరు.

గిట్‌కి సొంతంగా గుర్తుపెట్టుకునే ఏర్పాట్లున్నాయి. స్టోర్ అనే పద్ధతి పెడితే హోమ్ ఫోల్డర్లో ఒక ఫైల్లో టోకెన్‌ని ఉన్నదున్నట్టు రాసేస్తుంది, ఆ ఫైలు తెరిచిన ఎవరైనా చదువుకోవచ్చు. క్యాష్ పద్ధతైతే మెమరీలోనే, మనం మార్చకపోతే 15 నిమిషాలు ఉంచుకుని మర్చిపోతుంది. ఇవి కాకుండా విండోస్‌లో క్రెడెన్షియల్ మేనేజర్, మ్యాక్‌లో కీచెయిన్ ఉన్నాయి, టోకెన్‌ని మన లాగిన్‌తో ముడిపెట్టి ఎన్‌క్రిప్ట్ చేసి దాచేవి. షాపు కంప్యూటర్లో కొత్త గిట్ వేయించి, టోకెన్ విండోస్ మేనేజర్లో పెట్టించింది ఆ అమ్మాయి, ఫోన్లోనే, ఓపిగ్గా, కుర్రాడికి ఒక్కో బటన్ చెప్పి. స్క్రిప్టులో రాసెయ్యమని కుర్రాడి సలహా. అది మాత్రం వద్దంది.

స్క్రిప్టులో ఎందుకు రాయకూడదో చెప్పడానికి నేను పైపై జరిగింది చెప్తాను. పైథాన్ వాడేవాళ్ళందరూ ప్యాకేజీలు తెచ్చుకునే చోటు అది. దాని నిర్వాహకుల్లో ఒకరు తన సొంత కంప్యూటర్లో ఏదో పని చేసుకుంటూ, గిట్‌హబ్ పెట్టే పరిమితి దాటడానికి తన టోకెన్‌ని తాత్కాలికంగా కోడ్‌లో రాసుకున్నారు. తర్వాత గుర్తుపెట్టుకుని తీసేశారు కూడా. కానీ పైథాన్ ఒకసారి నడిచిన కోడ్‌ని కంపైల్ చేసి పక్కన ఒక ఫైల్లో పెట్టుకుంటుంది. కోడ్‌లో లేని టోకెన్ ఆ కంపైలైన ఫైల్లో మిగిలింది. ఆ ఫైలు ఒక డాకర్ ఇమేజ్‌తో పాటు బయటికెళ్ళి, డాకర్ హబ్‌లో నెలల తరబడి అందరికీ అందుబాటులో ఉంది. 2024 జూన్ చివర్లో జేఫ్రాగ్ అనే సంస్థ పరిశోధకులు చూసి చెప్పగానే టోకెన్ రద్దు చేశారు. అది మామూలు టోకెన్ కాదు, పైథాన్ భాష మూల రిపాజిటరీల దాకా నిర్వాహక అధికారం ఉన్నది. దుర్వినియోగం జరిగిన ఆనవాళ్ళు దొరకలేదని ఆ నిర్వాహకులే మొత్తం కథ బయటపెట్టారు, ఏం చేశారో, ఎందుకు చేశారో, దాచకుండా. అంత పెద్ద చోట పనిచేసేవాళ్ళ ఆ నివేదిక చదివితే నాకు వాళ్ళ మీద నమ్మకం పెరిగింది.

అలాంటివి ఒకటీ అరా కాదు. 2019లో ఉత్తర కరోలినా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు గిట్‌హబ్‌ని గాలించి, లక్షకి పైగా రిపాజిటరీల్లో ఇలాంటి రహస్యాలు బయటపడి ఉన్నాయనీ, రోజూ వేలల్లో కొత్తవి చేరుతున్నాయనీ తేల్చారు. పైగా గిట్ ఏదీ మర్చిపోదు. టోకెన్ ఉన్న ఫైలు చెరిపేసి ఇంకో కమిట్ చేస్తే, పాత కమిట్‌లో అది అలాగే ఉంటుంది, వెనక్కి వెళ్ళి ఎవరైనా చూడొచ్చు. అందుకే లీకైందని తెలిస్తే ఫైలు సంగతి తర్వాత, ముందు టోకెన్ రద్దు చెయ్యాలి. ఇప్పుడు అందరికీ కనబడే రిపాజిటరీలో తన టోకెన్ ఎక్కడ బయటపడ్డా గిట్‌హబ్ తనే గుర్తుపట్టి రద్దు చేస్తోంది. ఇంటిపేరు పెట్టింది అందుకే కదా.

షాపు టోకెన్ ఏర్పాటులో ఒక చిల్లు ఉందని చదివేవాళ్ళలో కొందరికి ఈపాటికే తట్టి ఉంటుంది. జీమెయిల్ అన్నయ్య ఫోన్లో ఉన్నంతకాలం ఈ టోకెన్ల జాగ్రత్తంతా దేనికి? పాస్‌వర్డ్ మర్చిపోయానని ఒక్క నొక్కు నొక్కితే కొత్తది పెట్టుకునే లింకు ఆ మెయిలుకే వస్తుంది. ఆ మాట నేనే ఆమెతో అన్నాను. అసలు గిట్‌హబ్ పాస్‌వర్డే ఆయనకి తెలుసు. ఆమెకి ఇదంతా తెలుసు. జీమెయిల్ పాస్‌వర్డ్ మారిస్తే ఆయన ఫోన్లో లాగౌట్ అవుతుంది, అప్పుడు వచ్చే ఫోన్‌కి తన దగ్గర జవాబు లేదు. "అదొక్కటీ ఇప్పుడు కాదక్కా."

దానికి బదులు గిట్‌హబ్‌లో రెండో తాళం పెట్టింది. తన ఫోన్లో అథెంటికేటర్ యాప్, ముప్పై సెకన్లకోసారి మారే ఆరంకెలు. అది పెట్టాక పాస్‌వర్డ్ తెలిసినా, మెయిల్ చేతిలో ఉన్నా, ఆ అంకెలు లేకుండా లోపలికి వెళ్ళడం కుదరదు. ఈ మెయిల్ కూడా షాపులో మోగింది. "భద్రత కోసం అన్నయ్యా, అందర్నీ పెట్టుకోమంటున్నారు" అంది. ఇదీ అబద్ధం కాదు, కోడ్ రాసేవాళ్ళకి గిట్‌హబ్ 2023 నుంచి దశలవారీగా తప్పనిసరి చేస్తూ వచ్చింది. ఫోన్ పోతే వాడుకోవడానికి కొన్ని రికవరీ కోడ్‌లు ఇస్తారు. వాటిని రెండు కాగితాల మీద రాసింది. ఒకటి హాస్టల్లో తన పెట్టెలో. రెండోది పండక్కి వెళ్ళినప్పుడు అమ్మకిచ్చి జాగ్రత్తగా పెట్టమంది. అమ్మ ఏంటని అడగలేదట. తన పెళ్ళి పట్టుచీర మడతలో పెట్టి బీరువా తాళం వేసింది.

టోకెన్ల జాబితాలో ప్రతి దాని పక్కనా చివరిసారి ఎప్పుడు వాడారో ఉంటుంది, ఈ వారంలో అనో, ఎప్పుడూ వాడలేదనో. ఆమె అప్పుడప్పుడూ ఊరికే ఆ పేజీ తెరిచేది. "షాపు సిస్టమ్" పక్కన ఈ వారంలో వాడినట్టు కనబడితే, షాపు తెరుస్తున్నారు, రేట్లు మారుస్తున్నారు, అంతా బానే ఉందన్నమాట. ఇంటికి ఫోన్ చేస్తే ఆ మాట ఎవరూ సూటిగా చెప్పరు కదా.

గడువు దగ్గర పడినప్పుడు గిట్‌హబ్ ఒక మెయిల్ పంపిస్తుంది, ఫలానా టోకెన్ త్వరలో ముగుస్తోందని. అది ఎప్పట్లాగే ముందు ఆయనే చూశాడు. ఈసారి ఫోన్ చెయ్యలేదు. స్క్రీన్‌షాట్ తీసి వాట్సాప్‌లో పంపాడు. "ఇది అయిపోతుందంట. ఇంకో నెలకి ఇస్తావా? తీరికున్నప్పుడే."

ఆమె అది నాకు చూపించి, "ఇస్తావా అన్నాడక్కా" అంది. తర్వాత అరవై రోజులకి చేసిచ్చింది. వారం కిందట కలిసినప్పుడు చెప్పింది, వెబ్‌సైట్‌లో జనం అడిగే ప్రశ్నలు కూడా షాపు నుంచే చూసుకునేలా ఇంకో పర్మిషన్ ఏదో కావాలంటున్నాడట ఆయన. ఏమన్నావంటే, చదవడం వరకు ఇస్తానందట, రాయడం సంగతి తర్వాత చూద్దామందట.